ఫొటో సందేహాలు: ఒక్క రోజు కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను విశాఖలో ఫొటోగ్రఫీ కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. రోజూ జరిగే ఏదైనా ఒక పనిని ఆరు వారాల పాటు ఫొటోలు తీసి చూపించాలని మాకు ప్రాజెక్ట్ ఇచ్చారు. అల్లిపురంలో మా అమ్మకి టిఫిన్ బండి ఉంది, దాన్నే తీస్తున్నాను. మూడు వారాల్లో 1,400 ఫొటోలయ్యాయి. మా మాస్టారు అన్నీ చూసి, "ఇవి దారిన పోయేవాళ్లు ఎవరైనా తీయొచ్చమ్మా, ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు. క్లాసులో మిగతావాళ్లు అరకు సంత, వంజంగి మేఘాలు, భీమిలి తీరం తీసుకొచ్చారు. వాటి ముందు మా ఇడ్లీ పాత్ర ఏం ఆనుతుంది? పైగా మా అమ్మ "ఆ పాత చీరలో తీస్తావేంటే" అని కోప్పడింది. సబ్జెక్ట్ మార్చేయనా? చాలా టెన్షన్‌గా ఉంది. నాకు నచ్చిన పన్నెండు ఫొటోలు దీంతో పంపుతున్నాను.
ఒక విద్యార్థిని, అల్లిపురం

జవాబు: మార్చకు తల్లీ. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడతాను.

నీ పన్నెండు ఫొటోలూ టేబుల్ మీద పరిచి రెండు రోజులు చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఫోకస్ బాగుంది. కానీ పన్నెండూ ఒకే చోట నిలబడి తీసినవి. ప్లేటు పట్టుకుని కస్టమర్ నిలబడతాడే, సరిగ్గా అక్కడ. వెలుతురు చూస్తే టైం కూడా అదే, పొద్దున ఏడు, ఎనిమిది మధ్య. బండికి ఆ పక్క మీ అమ్మ, ఈ పక్క నువ్వు. మీ మాస్టారు అడిగింది ఈ సంగతే. కస్టమర్‌కి కనపడేదే నీ కెమెరాకీ కనపడింది. నువ్వేమో ఆ బండి దగ్గరే పెరిగినదానివి.

ఒక్క ఏడో నంబరు ఫొటో మాత్రం వేరు. అది కొంచెం కదిలింది, బహుశా చివరి నిమిషంలో చేర్చావు. పెనం మీద నీళ్లు చిలకరించాక సగం కోసిన ఉల్లిపాయతో మీ అమ్మ పెనం రుద్దుతోంది. ఉల్లిపాయ అంచు కాలి నల్లబడింది. రెండు నీటి బొట్లు ఇంకా పెనం మీద దొర్లుతున్నాయి. రెండో చేతిలో పిండి గరిటె అప్పటికే గాల్లో ఉంది. ఈ ఫొటో తీసిన అమ్మాయికి తర్వాత ఏం జరగబోతోందో తెలుసు. నీళ్లు చుయ్‌మన్నాక ఉల్లిపాయ, ఉల్లిపాయ తర్వాత పిండి. ఆ వరస నీకు తెలుసు కాబట్టే వేలు ముందే బటన్ మీదికి వెళ్లింది. మిగతా పదకొండు ఫొటోల్లో ఏదో జరిగిపోయాక నొక్కావు.

అందుకని నేను చెప్పే మొదటి పని ఇది. ఒక్క రోజు కెమెరా ఇంట్లో పెట్టి బండి దగ్గరికి వెళ్లు. అమ్మ పక్కన నిలబడి పని చెయ్యి. చట్నీ వెయ్యి, ప్లేట్లు కడుగు. ఇంటికొచ్చాక ఒక కాగితం మీద పని వరస అంతా రాయి. ముందు రోజు పెసలు, మినప్పప్పు నానబొయ్యడం దగ్గర మొదలుపెట్టు. రాత్రి గ్రైండర్ ఎవరు కడుగుతారు? అమ్మ ఎన్నింటికి లేస్తుంది? బండిని ఇంటి దగ్గర్నుంచి తోసుకొచ్చేటప్పుడు ముందు ఎవరు పడతారు, వెనక ఎవరు? ఇడ్లీ పాత్ర మూత తీసే ముందు అమ్మ మొహం ఏ వైపు తిప్పుకుంటుంది? చిల్లర ఏ డబ్బాలో వేస్తుంది? చివరి ప్లేటు అమ్మాక తను ఏం తింటుంది, కూర్చుని తింటుందా, నిలబడేనా? వీటిలో ఎన్నిటికి నీ 1,400 ఫొటోల్లో జవాబుందో నువ్వే చూసుకో.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఫిషింగ్ హార్బర్ నాకు నేర్పింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. 2018లో ఆ నిషేధం రోజుల్లో వెళ్లి, జెట్టీ ఖాళీగా ఉందని, తీయడానికి ఏమీ లేదని వెనక్కి వచ్చేశాను. మర్నాడు ఎవరినో కలవాల్సి ఉండి మళ్లీ వెళ్లాను. అప్పుడు కనపడింది. బోట్ల నీడలో వలలు గుట్టలుగా పోసి, పదిమంది కూర్చుని చిరుగులు కడుతున్నారు. ఇంకోచోట పడవ అడుగు గీకి రంగు వేస్తున్నారు. ఏడాదంతా తీరిక దొరకని పని ఆ రెండు నెలల్లోనే జరుగుతుంది. నాకు పని తెలియదు కనక ఖాళీగా కనిపించింది.

వల కట్టే ఒక పెద్దాయన ఫొటో నాలుగు రోజులు తీశాను. ఒక్కటీ కుదరలేదు. ఆయన చేతులు చాలా వేగం. ఐదో రోజు ఆయనే నవ్వి, నూలు చుట్టిన సూది నా చేతికిచ్చి, ముడి ఎలా వెయ్యాలో చూపించాడు. వలని కాలి బొటనవేలికి తగిలించి బిగదీస్తారు. కన్నులోంచి సూది పోనిచ్చి, తిప్పి, లాగుతారు. లాగే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడం ఎంత చిన్నదంటే బయటినుంచి చూస్తే కనపడదు. నా చేత్తో నాలుగు ముడులు వేశాక కనపడింది. ఆ మధ్యాహ్నం తీసినవాటిలో మూడు ఫొటోలు ఇప్పటికీ నా దగ్గర గోడ మీద ఉన్నాయి.

ఇంక మీ అమ్మ చీర మాట. దాన్ని తేలిగ్గా తీసుకోకు. అదే హార్బర్‌లో వేలం పాట దగ్గర చేపలు అమ్మే ఒకావిడని నెల రోజులు తీశాను. ఒకరోజు అడిగేసింది: "ఏటి తల్లీ, రోజూ నా బొమ్మ ఎత్తుకుపోనావు, నాకేటి ఇచ్చినావు?" నాకు మాట రాలేదు. వారం తిరక్కుండా మంచి ప్రింటు ఒకటి వేయించి తీసుకెళ్లాను. తట్ట పక్కన కూర్చుని సముద్రం వైపు చూస్తున్న ఫొటో, నాకు బాగా ఇష్టమైనది. ఆవిడ కొంగుకి చెయ్యి తుడుచుకుని, తడి తగలకుండా అంచుల్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "కూకున్నప్పుడు తీత్తావేటి? నాను పాట పాడేటప్పుడు తియ్యాల" అంది. నిజమే. అలసిపోయిన ఆడమనిషి సముద్రం వంక చూడటం నాకు కావలసిన బొమ్మ. నలుగురు మగవాళ్ల మధ్య గొంతెత్తి ధర పలకడం ఆవిడ బతుకు. ఆ తర్వాత తీసిందే ఆవిడ ఇంట్లో పెట్టుకుంది.

అందుకని అమ్మని కూర్చోబెట్టి 1,400లో ఓ వంద చూపించు. ఏది బాగుందో, ఏది బాలేదో తననే చెప్పనియ్యి. చీర సంగతి అందులో ఒకటే అయ్యుండొచ్చు. పెసరట్టు తిప్పే విధానం గురించి, రోజూ వచ్చే ఆటో అబ్బాయి గురించి ఆవిడ చెప్పే మాటలు రాసుకో. తీయొద్దన్నది తీయకు. కన్నతల్లి అయినా సరే, అడిగే తియ్యాలి.

ఇప్పుడు కొన్ని చేతి పని విషయాలు. తెల్లవారకముందు బండికి ఎల్‌ఈడీ బల్బు వేలాడదీస్తారు కదా, నీ రెండో, తొమ్మిదో ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. చవక బల్బులు ఒక్కో ఊపుకి రెండుసార్లు, అంటే సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ స్పీడు సెకనులో 100వ వంతు గాని 50వ వంతు గాని పెట్టు, చాలావరకు పోతాయి. వెలుతురు సరిపోకపోతే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగ్గా వచ్చేలా చేసే సెట్టింగ్) 1600 దాకా పెంచుకో, ఫొటోలో చుక్కచుక్కలుగా కనపడే గ్రెయిన్‌కి భయపడకు. నీ ఫొటోల్లో ఇడ్లీలు బూడిద రంగులో ఉన్నాయి, చూశావా? కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదురుగా ఏముందో ఎరగదు, ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. తెల్లటి ఇడ్లీలు ఫ్రేము నిండా ఉంటే ఎక్స్‌పోజర్‌ని ప్లస్ ఒకటికి జరుపు, ఫొటో ఇంకాస్త వెలుగ్గా వస్తుంది. ఇక ఆవిరి. ముందు నుంచి వెలుగు పడితే ఆవిరి కనపడదు. వెనక నుంచి వెలుగు రావాలి, ఆవిరి వెనక చీకటిగా ఏదైనా ఉండాలి. బండికి అవతల, అమ్మ పక్కకి వెళ్లి నిలబడితే మీ వీధి దీపం ఆ పని చేసిపెడుతుందేమో చూడు.

ఇంకొకటి, రోజుకి 36 ఫొటోలే తియ్యి. మా నాన్నగారికి వన్ టౌన్‌లో స్టూడియో ఉండేది, నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫిల్ము రోల్‌కి 36 ఫ్రేములు. అవి అయిపోతే ఆ రోజుకి కళ్లతో చూడటమే. రోల్ కడిగాక 36నీ ఒకే కాగితం మీద చిన్నచిన్నగా ప్రింటు వేసి, ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టించేవారు. బాగున్నదానికి కాదు. "దీనికి ముందు నువ్వేం చూశావు, తర్వాత ఏం చూశావు" అని అడగడానికి. నువ్వూ ఏ రోజు ఫొటోలు ఆ రోజు వరసగా పెట్టుకుని చూడు. మొదటి వారం షీటు పక్కన నాలుగో వారం షీటు పెడితే నువ్వెంత కదిలావో నీకే తెలుస్తుంది.

అరకు, వంజంగి మాట కూడా చెప్పేస్తాను. అవి బాగుంటాయి, ఎప్పుడైనా వెళ్లి తీసుకో. హోమై వ్యారావాలా పేరు మీ క్లాసులో వినే ఉంటావు. 1913లో పుట్టిన ఆవిడ మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్. నెహ్రూని, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని తీసిన మనిషి. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ మొదలుపెట్టింది మాత్రం బొంబాయిలో, తోటి ఆడపిల్లల్ని, ఊళ్లో రోజువారీ బతుకుని తీస్తూ. తొలి రోజుల్లో అవి భర్త పేరు మీద అచ్చయ్యేవి కూడా. ఆ అమ్మాయిల నవ్వులు చూస్తుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. వాళ్లు కెమెరా కోసం నిలబడలేదు, స్నేహితురాలి ఎదురుగా ఉన్నారు. మీ అమ్మ ఎదుట నువ్వు ఉన్నట్టు ఇంకెవరూ ఉండలేరు.

ఆరో వారం అయ్యాక మళ్లీ పంపు. పన్నెండు వద్దు, నాలుగు చాలు. అందులో ఒకటి మీ అమ్మ ఎంచినది ఉండాలి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైనవాణ్ని. విశాఖ పాత ఊళ్లో, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్లు, దుకాణాలు రోజూ నడకకి వెళ్లినప్పుడు ఫోన్‌తో తీస్తుంటాను. కెమెరా లేకుండా తీసినవాటికి ఏమైనా విలువ ఉంటుందా?
ఒక పాఠకుడు, వన్ టౌన్

జవాబు: తప్పకుండా ఉంటుందండీ. మీరు రోజూ వెళ్తున్నారు, అదే అసలు సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి. ముందు ఎలా ఉండేదో చూపించమని పిల్లలు అడిగితే నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇన్నేళ్లు కెమెరా మెడలో వేసుకు తిరిగాను, సొంత వీధిని తీయలేదు. పక్కింటాయన పాత ఫోన్‌లో పిల్లాడి పుట్టినరోజు ఫొటో వెనక మా వేపచెట్టు దొరికింది. మసకగా ఉన్నా దాన్నే ప్రింటు వేయించుకున్నాను. మీరు ప్రతి ఫొటోకీ తేదీ, వీధి పేరు, ఆ ఇంట్లో లేదా కొట్లో ఉన్నవాళ్లు చెప్పిన నాలుగు ముక్కలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. తెరిచి ఉన్న కొట్టు ముందు రెండు నిమిషాలు ఆగి, అడిగి తీయండి. పోర్టు, నేవీ గోడల దగ్గర ఫొటోలు నిషేధం అని బోర్డులుంటాయి, అక్కడ మాత్రం ఫోను జేబులోంచి తీయొద్దు.

ప్రశ్న: పొద్దున్నే బీచ్‌కి వెళ్తే మొదటి పావుగంట లెన్స్ మీద మంచు పట్టి ఏమీ తీయలేకపోతున్నాను. లెన్స్ పాడైందా?
ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: పాడవలేదమ్మా. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన గాజు మీద మన తీరం ఉక్క గాలి తగిలితే నీరు పడుతుంది. రాత్రి కెమెరాని ఏసీ లేని గదిలో పెట్టుకోండి. అలా వీల్లేకపోతే బయటికి తెచ్చాక అరగంట సంచి జిప్పు తీయకుండా ఉంచండి, మెల్లగా వేడెక్కుతుంది. తుడుస్తూ కూర్చుంటే మళ్లీ మళ్లీ పడుతుంది. ఇంటికొచ్చాక కెమెరా బాడీని కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి, ఉప్పు పోతుంది. ఇసుకలో నిలబడి లెన్స్ మార్చకండి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా కెమెరా సంచిలో వేసుకోండి.