దూరవిద్య విద్యార్థులతో బ్లాగు రాయించాలంటే రూబ్రిక్ ఎలా తయారు చేసుకోవాలి?

మీరు అడిగింది ఇది: ఎం.ఏ. చరిత్ర దూరవిద్య విద్యార్థులతో ఆన్‌లైన్‌లో బ్లాగు రాయించమన్నారు, మార్కులకు రూబ్రిక్ (దేన్ని చూసి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పే పట్టిక) కూడా మీరే చేసుకోమన్నారు, రెండూ మీకు కొత్త, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను హనుమకొండలో ఇదే పని చేస్తున్నాను. నా అనుభవంలో పనికొచ్చినవి చెప్తాను.

ముందు రూబ్రిక్ రాయండి, బ్లాగు తర్వాత తెరవండి. మొదటి పోస్టు మొదలుపెట్టేలోపే ఆ పట్టిక ప్రతి విద్యార్థి ఫోన్‌లో ఉండాలి. రెగ్యులర్ కాలేజీలో అయితే పిల్లలు వరండాలో ఆపి "సార్, ఎంత రాయాలి, ఏం రాయాలి" అని అడుగుతారు. మా గ్రూపులో భూపాలపల్లి, గోదావరిఖని నుంచి సింగరేణి షిఫ్టులు చేసేవాళ్లున్నారు, ములుగు వైపు నుంచి అంగన్‌వాడీ టీచర్లున్నారు. ఇంటి పనంతా అయ్యాక, ఏ అర్ధరాత్రో రాయడానికి కూర్చుంటారు. ఆ టైమ్‌లో వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? "నా నుంచి ఏం కోరుతున్నారు" అనే ప్రశ్నకు అక్కడ జవాబిచ్చేది రూబ్రిక్ ఒక్కటే.

వరంగల్‌కు దూరవిద్య కొత్తేమీ కాదు. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, కాకతీయ యూనివర్సిటీలో దూరవిద్య 1988 నుంచి ఉంది. తపాలాలో వచ్చే పుస్తకాలు, ఆదివారం క్లాసులు, చేతిరాత అసైన్‌మెంట్లు, వీటితోనే మా తరం వాళ్లు ఎంతోమంది డిగ్రీలు పూర్తి చేశారు. కానీ అసైన్‌మెంట్ ఒకసారి ఇచ్చేశాక, అందులో ఏం బాగుందో ఏం లోపించిందో తెలిసేది చాలా తక్కువ. బ్లాగుతో నాకు నచ్చింది అదే. మీ మాట పోస్టు కిందే ఉంటుంది, తోటివాళ్లు చదువుతారు, రాసినవాళ్లు మళ్లీ వచ్చి దిద్దుకుంటారు.

ఇక రూబ్రిక్. నిలువుగా మీరు చూసే అంశాలు, అడ్డంగా స్థాయిలు, ఒక్కో గడిలో ఆ స్థాయి రాత ఎలా ఉంటుందో రెండు వాక్యాలు. కష్టమంతా ఆ గడులు నింపడంలోనే ఉంది. చాలామంది "చాలా బాగుంది", "బాగుంది", "పర్వాలేదు" అని రాసి వదిలేస్తారు. దాన్ని చూసి విద్యార్థికి ఒక్క విషయం కూడా తెలియదు. కంటికి కనపడేదే రాయాలి.

మేము రామప్ప గుడి మీద పోస్టు రాయించాం. "ఆధారాలు" అనే వరుసలో పై స్థాయి గడి ఇలా రాసుకున్నాం: ప్రతి ముఖ్య విషయానికీ అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారు, శాసనంలో ఉన్నదాన్నీ, పుస్తకంలో చదివినదాన్నీ, ఊళ్లో విన్నదాన్నీ వేరుగా చూపారు. అంటే గణపతిదేవుడి కాలంలో, 1213లో, రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడనే మాటకు శాసనాన్ని చూపాలి. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయనే మాట తాను చూసిందా, చదివిందా, విన్నదా చెప్పాలి. మధ్య స్థాయి గడి: విషయాలు సరైనవే, ఎక్కడివో చెప్పలేదు. కింది స్థాయి గడి: 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందన్న ఒక్క వార్త, మిగతాదంతా పొగడ్త. ఈ తేడా చదివాక గుడి ఉన్న పాలంపేట దగ్గరివాళ్లు కొందరు తమంతట తామే గుడికి వెళ్లి శాసనం ఫోటో తీసుకొచ్చారు. గడులు రాసేటప్పుడు ముందు పై స్థాయి గడి, తర్వాత కింది స్థాయి గడి రాయండి. మధ్యవి తేలిగ్గా వస్తాయి.

20 మార్కులను మేము ఇలా పంచాం: ఆధారాలకు 8, సొంత ఆలోచనకు 5, వ్యాఖ్యలకూ సవరణకూ కలిపి 5, భాషకు 2. భాషకు అంత తక్కువా అని తోటి లెక్చరర్లు అడిగారు. ఇప్పటికీ నా మాట అదే. చిన్న ఫోన్ మీద తెలుగు టైప్ చేసేవాళ్లకు, వాయిస్ టైపింగ్‌తో రాసేవాళ్లకు ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. దానికి చరిత్ర పేపర్లో మార్కులు కోయడం న్యాయం కాదు. వాళ్ల ఇంటి మాట రాతలోకి వస్తే రానివ్వండి, అర్థం స్పష్టంగా ఉంటే చాలు.

వ్యాఖ్యల వరుస తీసేయకండి. "బాగా రాశారు అక్కా" అనే మాటకు మార్కు లేదని ముందే చెప్పండి; ఒక ప్రశ్నో, ఒక కొత్త ఆధారమో ఉండాలి. వచ్చిన వ్యాఖ్య చూసి పోస్టు సవరిస్తే దానికీ మార్కు ఇవ్వండి. ఒంటరిగా చదువుకునేవాళ్లకు తోటి విద్యార్థులు దొరికేది ఇక్కడే.

పోస్టులు మొదలయ్యే ముందు ఇంకో పని ఉంది. పేరు తీసేసిన ఒక పాత పోస్టును, రాసినవాళ్ల అనుమతితో, అందరికీ పంపి అదే రూబ్రిక్‌తో మార్కులు వేయమనండి. మీరూ, మీతో దిద్దే ఇంకొకరూ విడివిడిగా వేయండి. ఒకే వరుసకు ఒకరు 6, ఒకరు 3 వేశారంటే ఆ గడిలో మాట స్పష్టంగా లేదన్నట్టు. అప్పుడే మార్చేయండి. అసైన్‌మెంట్ మధ్యలో మాత్రం రూబ్రిక్ మార్చవద్దు, అది విద్యార్థికి అన్యాయం.

బ్లాగు సంగతి తేలికే. గూగుల్ అకౌంట్ ఉంటే బ్లాగర్ (గూగుల్ వాళ్ల బ్లాగు సైటు) ఉచితం. ఒక్కొక్కరికీ ఒక బ్లాగు కాకుండా అందరికీ కలిపి ఒకటి పెట్టి, అంశాల వారీగా లేబుల్స్ ఇవ్వండి. మీరు పిలిచినవాళ్లు మాత్రమే చదివేలా సెట్టింగ్స్‌లో మార్చండి. మా దగ్గర చాలామంది మహిళలు తమ పేరు, రాత ఊరంతా చూస్తుందని వెనకాడారు. ఈ మార్పు చేశాకే ధైర్యంగా రాశారు. మీరు చూసి అనుమతించాకే వ్యాఖ్యలు కనపడేలా పెట్టుకోండి. ఫోటోల సైజు తగ్గించమనండి, ఊళ్లల్లో నెట్ నెమ్మది.

మార్కులు మాత్రం బ్లాగు మీద వేయకండి. సలహా పోస్టు కింద రాయండి, నింపిన రూబ్రిక్ విద్యార్థికి విడిగా పంపండి. ఆన్‌లైన్ క్లాసులు నడిపే గూగుల్ క్లాస్‌రూమ్ గానీ మూడిల్ గానీ వాడుతుంటే రూబ్రిక్ అందులోనే పెట్టొచ్చు.

మీ మొదటి టాపిక్ ఏమిటో, మొత్తం ఎన్ని మార్కులో కింద రాయండి. "ఆధారాలు" వరుస గడులు కలిసి రాద్దాం.