రేసు గెలిచేది బండా, రైడరా? రోసీనే చూడండి

కడప ఏడురోడ్ల దగ్గర టీ తాగుతూ మొదలయ్యే వాదనే ఇది, మీరూ అదే అడిగారు: బండి మంచిదైతే ఎవడైనా గెలుస్తాడా అని. మోటార్‌సైకిల్ రేసర్ వాలెంటీనో రోసీ కెరీర్‌లో దీనికి రెండు జవాబులూ దొరుకుతాయి.

ఈ ఇటలీ కుర్రాడు ఇంజన్ సైజును బట్టి విడివిడిగా జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 1997లో 125 సీసీ, 1999లో 250, 2001లో 500 సీసీ టైటిల్ కొట్టాడు. 2002, 2003ల్లో కూడా హోండా మీద ఛాంపియనే. అప్పుడందరూ "హోండా ఉంది కాబట్టి గెలుస్తున్నాడు" అన్నారు. దాంతో, 2003లో ఒక్క రేసూ గెలవని యమహాకి మారిపోయాడు, అదీ తన చీఫ్ మెకానిక్ జెరెమీ బర్జెస్‌ని వెంటబెట్టుకుని, 2004 మొదటి రేసే దక్షిణాఫ్రికాలో గెలిచి, ఆ ఏడాది టైటిల్ కూడా పట్టుకుపోయాడు. నోళ్లు మూతబడ్డాయి. (యమహావాళ్లు ఇంజన్‌ని బాగా మార్చారు, అది కూడా చెప్పాలి లెండి.)

మరి 2011, 2012ల్లో డుకాటి కంపెనీ బండి మీద? రెండేళ్లలో ఒక్క గెలుపూ లేదు. అదే మనిషి, అదే బర్జెస్. బండి ముందు చక్రం టైరు మీద నమ్మకం కుదరకపోతే, ఎంత మొనగాడైనా మలుపులో బండిని ధైర్యంగా వంచలేడు. మన గువ్వలచెరువు ఘాట్‌లో అరిగిన టైరుతో దిగినవాళ్లకి ఆ టెన్షన్ తెలిసే ఉంటుంది!

2013లో యమహాకి తిరిగొచ్చాక మళ్లీ గెలిచాడు, 2015 టైటిల్ అయిదంటే అయిదు పాయింట్లలో పోయింది. 2021లో మానేసేనాటికి మొత్తం 9 టైటిళ్లు, 115 గెలుపులు.

నన్నడిగితే బండి ముందు వరసలోకి తెస్తుంది, ఆ మిగిలిన అర సెకను మాత్రం రైడర్‌దే.