రేంజ్‌లో సరదాగా కాల్చడానికి గ్లాక్ 17, సీజెడ్ 75, సిగ్ పీ365లో ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: రేంజ్‌లో అద్దె పిస్టళ్లతో కొన్నిసార్లు కాల్చారు, బాగా నచ్చింది, ఇప్పుడు సొంతంగా ఒక సెమీ ఆటోమేటిక్ కొనుక్కోవాలి. నడుముకి పెట్టుకుని తిరగడానికి కాదు, తీరిక దొరికినప్పుడు పేపర్ టార్గెట్ మీద కాల్చుకోవడానికే. పై మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నారు. నేనూ చాలా ఏళ్లుగా ఇదే సరదాతో కాలుస్తున్నాను, రేంజ్‌లో కొత్తగా వచ్చేవాళ్ల పక్కన నిలబడి సాయం చేస్తుంటాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను.

ముందుగా పీ365ని లిస్టులోంచి తీసేయండి. అది చెడ్డ పిస్టల్ అని కాదు. 2018లో వచ్చినప్పుడు అంత చిన్నదాంట్లో పది రౌండ్ల మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) పట్టించడం పెద్ద విశేషమే. కానీ దాన్ని తయారుచేసిందే బట్టల కింద పెట్టుకుని తిరిగేవాళ్ల కోసం. బ్యారెల్ 79 మిల్లీమీటర్లే, తూటాలు లేకుండా బరువు అర కిలో. పెద్ద పిస్టల్‌లో పేలే 9 ఎంఎం తూటాయే ఇందులోనూ పేలుతుంది. ఆ తోపునంతా అర కిలో ఇనుము, ప్లాస్టిక్ ఆపలేవు కాబట్టి మీ అరచెయ్యి ఆపాలి. యాభై రౌండ్ల బాక్స్ అయ్యేసరికి చాలామందికి ట్రిగ్గర్ నొక్కకముందే చెయ్యి బిగుసుకుపోవడం, కళ్లు మూతపడడం మొదలవుతుంది. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం.

ఆన్‌లైన్‌లో మీరు చదివే రివ్యూలు ఎక్కువగా వెంట పెట్టుకుని తిరిగేవాళ్ల అవసరాన్ని బట్టి రాసినవి. తేలిగ్గా ఉందని, సన్నగా ఉందని, జేబులో పడుతుందని మెచ్చుకుంటారు. మన సరదాకి ఆ లెక్కలన్నీ తిరగబడతాయి. మనకి బరువు మంచిది, పొడవు మంచిది. గురి చూసే గుర్తులైన ముందు సైట్‌కి, వెనక సైట్‌కి మధ్య దూరం ఎంత ఎక్కువ ఉంటే గురిలో పొరపాటు అంత స్పష్టంగా కంటికి కనబడుతుంది. గ్లాక్ 17లో ఈ దూరం సుమారు 165 మిల్లీమీటర్లు. అందులో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర తూటా 6 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. సైట్ల మధ్య దూరం తగ్గేకొద్దీ అదే మిల్లీమీటరు ఇంకా ఎక్కువ శిక్ష వేస్తుంది.

ఇక మిగిలిన రెండూ. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, బ్యారెల్ 114 మిల్లీమీటర్లు, ఖాళీగా 630 గ్రాముల దగ్గర ఉంటుంది. బయటికి కనబడే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి లాంటి భాగం) లేదు, ఆ పని చేయడానికి లోపల స్ట్రైకర్ ఉంటుంది. మొదటి రౌండ్ నుంచి చివరి రౌండ్ వరకు ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది, అదే దాని గొప్పతనం. కాకపోతే ఆ ట్రిగ్గర్ కొంచెం స్పాంజిలా సాగి, ఒక గోడకి ఆనినట్టు ఆగి, అప్పుడు తెగుతుంది. ఆ గోడ దగ్గర ఓపిక పట్టడం నేర్చుకోవాలి.

సీజెడ్ 75ని కౌట్స్కీ సోదరులు డిజైన్ చేశారు, 1975లో చెకోస్లొవేకియాలో వచ్చింది. మామూలు మోడల్ పూర్తిగా స్టీలు, దాదాపు ఒక కిలో. పేలినప్పుడు మూతి లేచి మళ్లీ గురి మీదకి దిగడం ఇందులో ఎంత నెమ్మదిగా, మెత్తగా ఉంటుందో రెండూ వరసగా కాల్చి చూస్తేనే తెలుస్తుంది. దీనికి డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ అని చాలామంది భయపడతారు. హ్యామర్ దిగి ఉన్నప్పుడు మొదటి నొక్కు పొడవుగా, బరువుగా ఉంటుందన్నది నిజమే. కానీ రేంజ్‌లో మ్యాగజైన్ పెట్టి స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) లాగి వదిలితే హ్యామర్ దానంతట అదే ఎక్కి ఉంటుంది, కాబట్టి మొదటి షాట్ కూడా పొట్టి, తేలిక ట్రిగ్గర్‌తోనే పడుతుంది. హ్యామర్ దించి మొదలుపెట్టాలనే నియమం ఉన్న పోటీలకి వెళ్తే తప్ప ఆ బరువు నొక్కుతో మీకు పనే ఉండదు.

దీని అసలు ఇబ్బంది వేరే ఉంది, రివ్యూల్లో దాని గురించి తక్కువ రాస్తారు. మామూలు పిస్టళ్లలో స్లైడ్ ఫ్రేమ్‌ని బయటినుంచి పట్టుకుని కదులుతుంది. సీజెడ్‌లో ఫ్రేమ్ లోపలి పట్టాల మీద కదులుతుంది. అందుకే బిగుతుగా, నిలకడగా ఉంటుంది, కానీ బయట వేళ్లకి దొరికే స్లైడ్ చాలా తక్కువ. చెమట పట్టిన వేళ్లు ఆ సన్నని అంచు మీద నుంచి జారిపోవడం ఎన్నోసార్లు చూశాను. కొనేముందు పదిసార్లు స్లైడ్ లాగి చూడండి, చెయ్యి తుడుచుకోకుండా.

చేతికి సరిపోతుందో లేదో చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, ఖాళీ అని తేల్చుకోండి. అప్పుడు స్లైడ్ మూసి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఉండే చర్మం గ్రిప్ (పిడి) పైభాగానికి గట్టిగా ఆనేలా పట్టుకోండి. బ్యారెల్ మీ ముంజేతికి సూటిగా ఉండాలి. అలా ఉండగా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదకి హాయిగా రావాలి. వేలు అందడం కోసం గ్రిప్‌ని చేతిలో తిప్పుకోవాల్సి వస్తే ఆ పిస్టల్ మీది కాదు. తర్వాత సురక్షితమైన దిక్కుకి తిరిగి, కళ్లు మూసుకుని చేతులు పైకెత్తి గురి పెట్టండి, కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక సైట్ గాడిలో కనబడాలి. గ్లాక్ గ్రిప్ వాలు ఎక్కువ కాబట్టి వేరే పిస్టళ్లకి అలవాటైన చేతుల్లో మూతి పైకి చూస్తుంటుంది. అభ్యాసంతో సర్దుకుంటుంది, కానీ సర్దుకునే పని మీదే. గ్లాక్‌లో నాలుగో తరం నుంచి గ్రిప్ వెనక భాగం మార్చుకోవచ్చు. సీజెడ్‌లో సన్నని పక్క పలకలు వేయించుకోవచ్చు.

కాల్చి చూసేటప్పుడు రెండింటికీ ఒకే బ్రాండ్, ఒకే బరువు తూటాలు వాడండి. 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) తూటాతో ఒకటి, 147తో ఇంకొకటి కాల్చి పోల్చితే ఏమీ తెలియదు. 10 మీటర్ల దగ్గర నెమ్మదిగా ఐదేసి కాల్చండి. తూటాలు మధ్యలో పడ్డాయా అని కాదు, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. తర్వాత తోడు వచ్చినవాళ్లని మ్యాగజైన్‌లో మీకు తెలియకుండా ఒకటి రెండు డమ్మీ (పేలని ఉత్తుత్తి) రౌండ్లు కలపమనండి. పేలుతుందనుకుని నొక్కినప్పుడు టక్కుమని చప్పుడు మాత్రమే వస్తుంది, ఆ క్షణంలో పిస్టల్ మూతి ఎంత కిందకి గుచ్చుకుందో మీ కళ్లకే కనబడుతుంది. ఏ పిస్టల్‌తో ఆ దిగుడు తక్కువగా ఉందో అదే మీకు సరైనది. ఇంతకన్నా నిజాయతీ ఉన్న పరీక్ష నాకు తెలియదు.

నన్ను ఒకటే చెప్పమంటే, స్లైడ్, వేలు రెండూ కుదిరితే సీజెడ్ 75. కుదరకపోతే గ్లాక్ 17, ఏ మాత్రం సందేహం లేకుండా.

మీరు అడగకపోయినా .22 ఎల్ఆర్ (9 ఎంఎం కన్నా చిన్న తూటా) పిస్టల్ గురించి ఒక మాట. రూగర్ మార్క్ ఫోర్, బ్రౌనింగ్ బక్ మార్క్ లాంటివి. 9 ఎంఎం 115 గ్రెయిన్ బుల్లెట్ ఏడున్నర గ్రాములు ఉంటే .22 బుల్లెట్ మామూలుగా రెండున్నర గ్రాములు. రీకాయిల్ (వెనక్కి తోపు) దాదాపు లేనట్టే, తూటాలు చాలా చవక, అంటే అదే డబ్బుతో ఎన్నో రెట్లు ఎక్కువ అభ్యాసం. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలు జరిగేది కూడా .22తోనే. కాకపోతే తుపాకి మందు మురికి ఎక్కువ, అప్పుడప్పుడు పేలని తూటాలు తగులుతాయి, ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కొచ్చో లేదో మాన్యువల్ చూడకుండా నొక్కకూడదు. గురి నేర్చుకోవడమే మీ కోరికైతే పై రెండింటికన్నా ముందు దీన్నే కొనమంటాను.

ఇదంతా చట్టం ఒప్పుకుంటేనే. కొన్ని దేశాల్లో 9 ఎంఎం మామూలు పౌరులకి ఇవ్వరు, కొన్ని చోట్ల మ్యాగజైన్‌లో రౌండ్ల సంఖ్యకి, బ్యారెల్ పొడవుకి పరిమితి ఉంటుంది. మోడల్ మీద మనసు పడకముందే లైసెన్సు నియమాలు చదువుకోండి. బడ్జెట్‌లో ఇయర్ మఫ్స్, కళ్లద్దాలు, తాళం వేసే పెట్టె ముందే లెక్కేసుకోండి. .22 చిన్నదే కదా అని చెవులు వదిలేసేవాళ్లున్నారు, దాని చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది. పైకప్పు ఉన్న రేంజ్‌లో అయితే చెవిలో ప్లగ్స్ పెట్టుకుని వాటిమీద మఫ్స్ వేసుకోండి.