డ్రయ్యర్ విప్పే ముందు

అమ్మడూ,

బట్టల డ్రయ్యర్ స్టార్ట్ కావట్లేదని, మెకానిక్‌ని పిలవకుండా నువ్వే విప్పుతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. దడగానూ ఉంది. స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఇది మొత్తం చదువు.

తేలికవి ముందు చూసెయ్. సాకెట్‌లో కరెంటు ఉందా? ఎంసీబీ (కరెంటు బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్) పడిపోతే ఒక్కసారి ఎత్తు. మళ్లీ పడిందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలువు. చైల్డ్ లాక్, డిలే స్టార్ట్ తీసెయ్. నీళ్ల ట్యాంకు ఉన్న మెషీన్ అయితే అది నిండిందేమో చూడు. తలుపు వేస్తే డోర్ స్విచ్ టక్కుమనాలి.

ఇక్కడి నుంచి ప్లగ్ పీకేసే పని. బటన్ ఆపితే చాలదు. లోపలి రేకుల అంచులు కోసేస్తాయి, చేతికి గ్లౌజులు వేసుకో.

బటన్ నొక్కినప్పుడు గుయ్యిమని మూలిగి ఆగిపోయిందా? అయితే మోటారు దాకా కరెంటు వస్తోంది. డ్రమ్ముని చేత్తో తిప్పి చూడు. బిగుసుకుంటే ఏదో ఇరుక్కుంది. పట్టు లేకుండా గిర్రున తిరిగితే బెల్టు తెగింది. కెపాసిటర్ (మోటారుకి వైర్లతో కలిపి ఉండే, ఛార్జి నిలవ చేసే చిన్న డబ్బా) కనిపిస్తే ముట్టుకోకు. ప్లగ్ పీకాక కూడా అందులో ఛార్జి నిలిచి ఉంటుంది.

అసలు చప్పుడే లేకపోతే థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగి మెషీన్‌ని ఆపేసేది) చూడాలి. నేను భయపడేది దీని దగ్గరే. బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) డొప్ప మీదో, వేడిగాలి బయటికి పోయే దారిలోనో రెండు వైర్లు తగిలించిన చిన్న ముక్క ఉంటుంది. ఫోటో తీసుకుని వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే మీటర్) ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే చోట పెట్టి ఫ్యూజ్ రెండు కొసలకీ ఆనించి చూడు. సున్నాకి దగ్గరగా చూపిస్తే బాగున్నట్టు, తెర మీద ‘ఓఎల్’ (OL) అని వస్తే పోయినట్టు. ఒకసారి పోతే అది మళ్లీ పనిచేయదు, మార్చాల్సిందే.

చాలామంది ఆ రెండు వైర్లూ కలిపేసి నడిపించేస్తారు. మెషీన్ తిరుగుతుంది, బట్టలూ ఆరతాయి, పని అయిపోయిందనుకుంటారు. ఆ పని చెయ్యకు తల్లీ. ‘టెస్టింగ్‌కి ఒక్క నిమిషం’ అని కూడా వద్దు, మల్టీమీటర్ చెప్పింది చాలు. ఫ్యూజ్ ఊరికే పోదు. గాలి పోయే గొట్టంలో బట్టల నుంచి రాలిన నూగు పేరుకుంటే వేడి బయటికి పోక లోపలే మరుగుతుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఆపలేకపోతే ఆఖరి కాపలా ఆ ఫ్యూజే. దాన్ని తప్పించావంటే వేడిని ఆపేది ఇంకేదీ ఉండదు. పక్కనే ఉన్న ఎండు నూగు ఇట్టే అంటుకుంటుంది.

కారణం సరిచేయకుండా కొత్త ఫ్యూజ్ వేసినా త్వరలోనే అదీ పోతుంది. అందుకే మెషీన్‌ని ముందుకి జరిపి గొట్టం ఊడదీసి ఆ చివర నుంచి ఈ చివర దాకా బ్రష్‌తో తోము. గోడకి ఆనుకుని నలిగిన చోటు ఉందేమో చూడు, చాలాసార్లు అడ్డు అక్కడే. ప్లాస్టిక్ గొట్టమైతే తీసేసి గట్టి మెటల్ పైపు వెయ్యి. నూగు జాలీ మీద నీళ్లు పోసి చూడు. దిగకుండా నిలిస్తే సాఫ్ట్‌నర్ పొర పట్టినట్టు, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. ఫ్యూజ్ మాత్రం నీ మోడల్ నంబరుకి చెప్పిందే కొను. ఎక్కువ వేడి తట్టుకుంటుందని వేరేది వెయ్యకు.

ఇవన్నీ బాగుండీ కదలకపోతే స్టార్ట్ స్విచ్, టైమర్, బోర్డు మిగులుతాయి. బోర్డు దాకా వస్తే ఆపేసి మెకానిక్‌ని పిలువు, అందులో నామోషీ ఏం లేదు.

స్టార్ట్ అయ్యాక ఒకసారి బట్టల్లేకుండా తిప్పి, బయట గొట్టం మూత దగ్గర చెయ్యి పెట్టు. మూత బాగా తెరుచుకుని గాలి గట్టిగా తగలాలి. నీరసంగా వస్తుంటే ఆపేసి గొట్టం మళ్లీ చూడు, బట్టలు వెయ్యకు.

మీ బాబాయి