రోజూ నడుస్తున్నా కుర్చీలోంచి లేవడం కష్టమవుతోంది.. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 66. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, షుగర్ లేదు. చాలా ఏళ్లుగా రోజూ పొద్దున్నే 40 నిమిషాలు నడుస్తున్నాను. అయినా ఏడాది నుంచి సోఫాలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకపోతే ధైర్యం చాలడం లేదు. మోకాళ్లు కొంచెం నొప్పిగా ఉంటాయి. మా అబ్బాయి బరువులతో వ్యాయామం మొదలుపెట్టమంటున్నాడు. మావారేమో ‘ఈ వయసులో బరువులెత్తితే ఉన్న మోకాళ్లు కూడా పోతాయి’ అంటున్నారు. నడక సరిపోదా? ఇప్పుడు మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: ఉపయోగం తప్పకుండా ఉంటుందమ్మా. నడక మాత్రం మానకండి. గుండెకు, బీపీకి, నిద్రకు, మనసుకు అది చేసే మేలు చిన్నది కాదు. షుగర్ ఇంతవరకు రాకపోవడంలోనూ దాని పాత్ర ఉండొచ్చు. కానీ నడక ఇచ్చేది ఒకటి, మీకిప్పుడు తగ్గుతున్నది మరొకటి. చదునైన దారిలో మామూలుగా నడుస్తున్నప్పుడు తొడ కండరాలు తమ సత్తాలో కొంత భాగమే వాడతాయి. కుర్చీలోంచి లేవడమంటే ఒంటి బరువును పైకి లేపడం. మెట్టెక్కడమంటే అదే పనిని ఒక కాలితో చేయడం. ఏళ్ల తరబడి ఒకే దారి, ఒకే వేగం అయితే శరీరం దానికి అలవాటు పడిపోతుంది, కొత్తగా బలం పెంచుకోవాల్సిన అవసరం దానికి కనిపించదు.

ముప్పై దాటిన దగ్గర్నుంచి మనిషి కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతూ వస్తుంది. అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. దీనికి సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టారు. కండ కంటే బలం త్వరగా తగ్గుతుంది. బలం కంటే త్వరగా తగ్గేది చురుకు, అంటే ఆ బలాన్ని క్షణంలో వాడగలగడం. మన కండరాల్లో నిదానంగా, అలసిపోకుండా పనిచేసే పోగులు కొన్ని, వేగంగా స్పందించేవి కొన్ని ఉంటాయి. వయసుతో ముఖ్యంగా సన్నబడేవి ఈ రెండో రకమే. కాలు దేనికో తగిలి తూలినప్పుడు పడిపోకుండా ఆపేవి ఇవే. మామూలు నడకలో వీటికి పని చాలా తక్కువ. మీలా క్రమం తప్పకుండా నడిచేవాళ్లు కూడా ‘ఇన్నాళ్లూ నడిచింది వృథా అయిందా’ అని అడగడానికి కారణం ఇదే. వృథా కాలేదు, ఆ పని నడకకు అప్పజెప్పగలిగేది కాదంతే.

తూకం చూసుకుని నిశ్చింతగా ఉండటం కూడా సరికాదు. కండ పోయిన చోట కొవ్వు చేరితే బరువు పదేళ్లయినా అలాగే కనిపిస్తుంది.

మీ పరిస్థితి ఎక్కడుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఆగకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కన ఒకరు నిలబడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూడాలి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు ప్రకారం 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కండరాల పనితీరు తగ్గినట్టే. యూరప్ నిపుణులు ఈ హద్దును 15 సెకన్లు అంటారు. చేతులు ఆనించకుండా అసలు లేవలేకపోతే అది కూడా ఒక ఫలితమే, దాన్నే రాసుకోండి. తేదీ వేసి ఆ కాగితం దాచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

రెండోది, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం. చేతికి అందేంత దూరంలో గోడ ఉండేలా చూసుకోండి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందికి ఈ పరీక్ష పెట్టి, ఏళ్ల తరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రచురించారు. పది సెకన్లు నిలబడలేనివారిలో ఆ తర్వాతి కాలంలో మరణం ముప్పు 84 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ వార్త వచ్చాక కొందరు రోజూ ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందనుకున్నారు. అధ్యయనం చెప్పింది అది కాదు. బ్యాలెన్స్ పోవడమన్నది లోపల చాలా సంగతులు తగ్గాయనడానికి గుర్తు. అయితే బ్యాలెన్స్ సాధన వల్ల పడిపోవడం తగ్గుతుందన్నది మాత్రం నిజం. దాని గురించి కింద చెబుతాను.

ఇక వయసు సంగతి. అమెరికాలో ఓ వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువులతో గట్టి వ్యాయామమే చేయించారు. 1990లో ప్రచురించిన ఆ ఫలితాల్లో వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. పదిమందే కదా అనొచ్చు. అదే పరిశోధకులు 1994లో సగటు వయసు 87 ఉన్న వందమందితో పది వారాలు చేయించినప్పుడూ బలం రెట్టింపు దాటింది, మెట్లెక్కే శక్తి కూడా పెరిగింది. తొంభైలో పలికిన కండరం అరవై ఆరులో పలకదా?

మీవారి భయం కూడా పూర్తిగా నిరాధారం కాదు. అలవాటు లేని మోకాలి మీద మొదటిరోజే పెద్ద బరువు వేస్తే నొప్పి పెరుగుతుంది. అది చూసి చాలామంది వ్యాయామమే పడదని మానేస్తారు. కానీ మోకాళ్ల అరుగుదలకు చికిత్సలో మొదటి వరుసలో ఉన్నదే వ్యాయామం. తొడ ముందు భాగంలోని కండరం బలపడే కొద్దీ మోకాలికి ఆసరా పెరుగుతుంది. నొప్పి అని కదలిక తగ్గించేస్తే ఆ కండరం ఇంకా సన్నబడి నొప్పి మరింత పెరుగుతుంది. కొంచెం నొప్పితో చేసినా పర్వాలేదు. చేసేటప్పుడు అది ఓర్చుకోగలిగేంతే ఉండి, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే సరే. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే, కీలు వాస్తే, తర్వాతిసారి తగ్గించి చేయండి. మొదటి వారాల్లో తొడల్లో, పిక్కల్లో ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుగా ఉండటం మామూలే. అది కీలు నొప్పి కాదు.

జిమ్‌కి వెళ్లాల్సిన పని లేదు, కావాలంటే వెళ్లొచ్చు. మీరు పడుతున్న ఇబ్బందే మీ మొదటి వ్యాయామం: కుర్చీలోంచి లేచి కూర్చోవడం. కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, పాదాలను మోకాళ్లకు కాస్త వెనక్కి పెట్టి, ఛాతీని ముందుకు వంచి లేవండి. చాలామంది నిటారుగా కూర్చుని నేరుగా పైకి లేవాలని చూసి, లేవలేక మోకాళ్లను నిందిస్తారు. పైకి లేచేటప్పుడు వీలైనంత చురుగ్గా లేవండి. పైన చెప్పిన వేగవంతమైన పోగులకు పని తగిలేది అప్పుడే. కూర్చునేటప్పుడు మాత్రం మూడు సెకన్లు పట్టేలా నెమ్మదిగా దిగండి, కుర్చీలో కూలబడొద్దు. ఎనిమిది నుంచి పదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. మోకాలు నొప్పిగా ఉంటే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. సీటు ఎత్తయ్యే కొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది. సులువైపోయాక దిండు తీసేయండి. ఆ తర్వాత నీళ్ల సీసాలు పెట్టిన సంచీని ఛాతీకి హత్తుకుని లేవండి.

ఎంత కష్టంగా చేయాలన్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ‘ఇక మహా అయితే ఇంకో రెండుసార్లు చేయగలను’ అనిపించే దగ్గర ఆపాలి. పదిహేనుసార్లు చేసినా ఏమీ అనిపించకపోతే అది మీకు తేలికైపోయినట్టు, బరువు పెంచాలి. ఏళ్ల తరబడి అవే చిన్న డంబెల్స్ పట్టుకుని టీవీ చూస్తూ ఊపేవాళ్లను చూస్తుంటాను. చేయనివాళ్లకంటే నయమే, కానీ బలం మాత్రం పెరగదు. తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాలు కండరాన్ని బాగా పనిచేయించడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. కండ పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అద్దంలో తేడా లేదని ఆపేయకండి.

దీనికి తోడుగా మడమలు పైకెత్తి మునివేళ్ల మీద నిలబడటం, గోడను రెండు చేతులతో నెట్టే పుషప్, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, ఎలాస్టిక్ బ్యాండ్‌ను ఛాతీ వైపు లాగడం.. ఇవి చాలు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ఉంది. 65 దాటినవాళ్లు బ్యాలెన్స్, బలం రెండూ ఉండే కసరత్తు కనీసం మూడు రోజులు చేయాలని కూడా అందులోనే చెప్పారు. పెద్దవాళ్లలో పడిపోవడాలను వ్యాయామం సుమారు 23 శాతం తగ్గిస్తుందని 2019లో కాక్రేన్ సంస్థ జరిపిన సమీక్షలో తేలింది. బ్యాలెన్స్ కోసం గోడ పక్కన ఒక పాదం ముందు మరో పాదం ఆనించి నిలబడటం, అలాగే అడుగులు వేయడం, తర్వాత ఒంటికాలి మీద నిలబడటం.. ఈ వరుసలో వెళ్లండి. పళ్లు తోముకునేటప్పుడు చేసినా లెక్కలోకే వస్తుంది.

మీ నడకను కూడా కొంచెం మార్చండి. జపాన్‌లో మధ్యవయసు దాటినవాళ్లతో మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఐదుసార్లు, వారానికి కనీసం నాలుగు రోజులు నడిపించారు. ఐదు నెలల్లో వాళ్ల తొడ బలం పెరిగింది, బీపీ తగ్గింది. మామూలు వేగంతో నడిచినవాళ్లలో అంత మార్పు రాలేదు. వేగంగా అంటే రెండు మాటలు మాట్లాడగలిగినా పాట పాడలేనంత. మీ 40 నిమిషాల్లోనే ఇది సరిపోతుంది.

మీకు బీపీ ఉంది కాబట్టి మూడు సంగతులు. బరువు లేపేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. అలా చేస్తే ఆ కాసేపు బీపీ బాగా పెరుగుతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలండి, పైకి లెక్కపెడుతూ చేస్తే అదే వదులుతుంది. రెండు, మీరు వాడే మాత్ర బీటా బ్లాకర్ రకమైతే ఎంత శ్రమపడినా గుండె వేగం పెద్దగా పెరగదు, కాబట్టి చేతి వాచీ అంకెలను నమ్ముకోకుండా పైన చెప్పిన మాటల పరీక్షనే వాడండి. మూడు, పడుకుని చేసే వ్యాయామం అయ్యాక ఒక్కసారిగా లేవకండి, కొందరికి కళ్లు తిరుగుతాయి. బీపీ 180/110 దాటిన రోజు వ్యాయామం వద్దు, డాక్టర్‌తో మాట్లాడండి. చేస్తుండగా ఛాతీలో నొప్పి, బిగువు, మామూలుకు మించిన ఆయాసం, తల తిరగడం, గుండె దడ వస్తే అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ‘కాసేపు చూద్దాం’ అనుకోవద్దు.

మొదలుపెట్టే ముందు మీ డాక్టర్‌ను అడిగి ఒకసారి ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ చేయించుకోండి. 65 దాటిన మహిళలకు అది అవసరమైన పరీక్షే. ఎముకలు గుల్లబారాయని తేలితే వ్యాయామం మానాల్సిన పని లేదు. నడుము ముందుకు వంచి బరువులెత్తడం, బరువుతో నడుము మెలితిప్పడం లాంటివి మాత్రం వద్దు. అప్పుడు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని చేయడం మంచిది.

ఆహారం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. వయసు పెరిగే కొద్దీ కండరాలు ప్రొటీన్‌ను అంత తేలిగ్గా వాడుకోలేవు. అందుకే పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. అదంతా ఒకే పూట కాకుండా మూడు పూటలా సర్దుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగకుండా పెంచొద్దు. పొడి డబ్బాలు కొని ఊరుకుంటే సరిపోతుందా అని అడుగుతుంటారు. పైన చెప్పిన 1994 అధ్యయనంలోనే వ్యాయామం లేకుండా పోషకాల పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం పెరగలేదు.

మధ్యలో జ్వరమో, ప్రయాణమో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచం మీద ఉంటే కాళ్ల నుంచి సుమారు ఒక కిలో కండ పోయిందని 2007లో తేలింది. కాబట్టి జ్వరం తగ్గగానే ఇంట్లో అటూఇటూ తిరగడం మొదలుపెట్టండి. వ్యాయామం మాత్రం ఆపిన దగ్గర్నుంచి కాకుండా సగం నుంచి మొదలుపెట్టండి.

పన్నెండు వారాలయ్యాక కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, మీరు రాసుకున్న సెకన్లతో పోల్చండి. క్రమం తప్పకుండా చేసినా తేడా లేకపోతే అదంతా వయసు ఖాతాలో వేసేయకూడదు. థైరాయిడ్, విటమిన్ డి, బి12, రక్తహీనత పరీక్షలు చేయించాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడుతూ కండరాల నొప్పులు ఉంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పాలి, మాత్రలు సొంతంగా ఆపకూడదు. కొంచెం దూరం నడవగానే పిక్కలు పట్టేసి, కూర్చుంటే తగ్గుతుంటే వెన్నెముకలో నరాల ఒత్తిడిగానీ, కాళ్ల రక్తనాళాల సమస్యగానీ ఉందేమో చూడాలి. ఒక కాలే ఉన్నట్టుండి బలహీనపడితే మాత్రం పన్నెండు వారాలు కాదు, ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి.