షెర్రీ సీసా కొనబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. షెర్రీ అంటే క్రిస్మస్‌కు ముసలివాళ్లు తాగే తియ్యటి వైన్ కదా అని మొన్న ఫోనులో అడిగావు. ముప్ఫై ఏళ్లుగా ఈ లండన్‌లో ఆ మాట వింటూనే ఉన్నాను, విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. తీపి చేర్చి అమ్మే రకాలు ఉన్నాయి, నిజమే. కానీ షెర్రీ పుట్టిన స్పెయిన్‌లోని హెరెస్‌లో జనం రోజూ తాగేది చుక్క తీపి లేని ఫినో అనే రకం.

నువ్వు కొనవలసింది లేబుల్ మీద ఫినో అనో, దాని లాంటిదే అయిన మంజనీయా అనో రాసి ఉన్న సీసా. క్రీమ్ అన్న మాట కనిపిస్తే అది తీపి చేర్చినది, రంగు ఎంత తేటగా ఉన్నా పక్కన పెట్టేయ్. ఖరీదు గురించి బెంగ వద్దు. ఇక్కడి పెద్ద సూపర్ మార్కెట్లు సొంత పేరుతో అమ్మే ఫినో కూడా స్పెయిన్‌లోని మంచి తయారీదారుల దగ్గర నుంచే వస్తుంది. పేరున్నదే కావాలంటే తియో పెపె, లా గీతా, లా హితానా దాదాపు అంతటా దొరుకుతాయి. వాటి వెనక కనీసం 2 ఏళ్ల నిలవ ఉంటుంది. అంత శ్రమ ఇంత చవకగా దొరికే వైన్ మరొకటి నాకు తెలియదు.

ఆ రుచి ఎలా వస్తుందో చెబుతాను, మిగతా జాగ్రత్తలన్నీ దాని వల్లే. పలోమినో ద్రాక్ష వైన్‌కు కాస్త సారా కలిపి బలాన్ని 15 శాతానికి పెంచి, పీపాలో కొంత ఖాళీ ఉంచి పోస్తారు. పాల మీద మీగడలా పైన ఈస్టు పొర కడుతుంది. దాన్ని ఫ్లోర్ అంటారు, అంటే పువ్వు. అది గాలి తగలనివ్వదు, మిగిలిన చక్కెరనూ తినేస్తుంది. పాత పీపాల్లోంచి కొంత తీసి, ఆ వెలితిని కొత్త వైన్‌తో పూరిస్తుంటారు. పాత పెరుగు తోడుతో కొత్త పాలు తోడుకున్నట్టే, కొత్తదానికి పాతదాని గుణం పడుతుంది. సాన్లూకర్ ఊరు గ్వాదల్కివీర్ నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఆ తేమకు అక్కడ పొర ఏడాది పొడవునా దట్టంగా ఉంటుంది. మంజనీయా అక్కడిదే.

సీసాలోకి వచ్చాక ఆ మీగడ కాపలా ఉండదు. అందుకే పాతబడిన ఫినో ఎంత పెద్ద పేరున్నదైనా కొనకు. నింపిన తేదీ వేసి ఉంటే చూసుకో. ఏడాది దాటినదాన్ని నేను ముట్టను. జనం బాగా కొనే దుకాణంలో, 375 మిల్లీలీటర్ల చిన్న సీసా తీసుకో. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలో ముగించు. బీరువాలో నెలల తరబడి పెట్టి, ఆ తర్వాత తాగి, షెర్రీ బాగుండదు అన్నవాళ్లను చాలామందిని చూశాను.

బాగా చల్లబరిచి, మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతు పోసుకో. షెర్రీకని వాడే ఆ బుల్లి గ్లాసుల్లో వాసన నిలవదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకో. పచ్చి బాదం, తడిసిన సున్నం, కొంచెం పుల్లటి ఆపిల్ వాసన తగులుతుంది. మొదటి గుక్క గట్టిగా, ఉప్పగా అనిపిస్తుంది. అక్కడ ఆగిపోకు, రెండు వేయించిన బాదం పప్పులు నమిలి మళ్లీ తాగు. రుచి అప్పుడు తెలుస్తుంది. ఆలివ్‌లూ చేపల వేపుడూ దీనికి చక్కటి జోడీ. మన కారం మాత్రం తగ్గించాలి, లేకపోతే నాలుక మండి వైన్ చేదెక్కుతుంది. మామూలు వైన్ కంటే ఘాటు ఎక్కువ, రెండు గ్లాసులు చాలు.

శనివారం వస్తున్నాను. సీసా నువ్వు కొని ఉదయమే ఫ్రిజ్‌లో పెట్టు, చేపలు నేను వేపుతాను.

మీ పెదనాన్న