కూర సంగతి సరే, మీ అక్క సంగతేంటి?

ప్రశ్న: అమ్మ పోయి ఏడాది దాటింది. సామాన్లు పంచుకున్నప్పుడు నా వాటాకి వచ్చిన పెట్టెలో ఆవిడ వంటల నోటుబుక్కు దొరికింది. ఆదివారాలు అందులో చూసి వండుతున్నాను. ఉల్లిపాయలు వేగే వాసనకే అమ్మ పక్కన నిలబడ్డట్టు అనిపించి ఏడుపొచ్చేస్తుంది. తీరా నోట్లో పెట్టుకుంటే ఆ రుచి ఉండదు. కొలతలు అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. రాత చాలావరకు అక్కది. చివరి మూడేళ్లూ అమ్మ అక్క దగ్గరే ఉంది. అక్కతో నాకు మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు నలుగురిలో నన్ను ‘చుట్టపుచూపుగా వచ్చి పోయేదానివి’ అంది. అది వేరే విషయం. అమ్మ చేతి రుచి రావాలంటే ఏం చేయాలి?

జవాబు: రుచి గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. అమ్మ వాడింది రాళ్లుప్పు అయి, మీరు వేసేది మెత్తటి ఉప్పు అయితే చెంచా లెక్క కుదరదు. మెత్తటిది చెంచాలో ఎక్కువ పడుతుంది. అడుగు మందం గిన్నెలో వేగినట్టు పల్చటి గిన్నెలో వేగదు. ఇక ఏడుపంటారా, అది రావడం మామూలే. ముక్కుకు తగిలిన వాసన మెదడులో జ్ఞాపకాలు, భావోద్వేగాలు ఉండే చోటికి దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే ఫొటో చూసినా రాని కన్నీళ్లు పొయ్యి దగ్గర వస్తాయి. కంగారు పడకండి.

ఇప్పుడు మీరు వేరే విషయం అన్నదాని దగ్గరికొద్దాం. వయసు పైబడ్డాక చాలామందికి వాసన, రుచి తెలిసే శక్తి తగ్గుతుంది. ఉప్పు సరిపోయినా చాలలేదంటారు. అమ్మ చివరి రోజుల్లో చెప్పిన కొలతలైతే అవి ఆవిడ నాలుకను బట్టి చెప్పినవై ఉండొచ్చు. అప్పుడు గరిటె పట్టుకుని రుచి చూసి, సరిచేసి వండి పెట్టింది ఎవరు? ‘ఎర్రగా వేగాక దించాలి’ అని రాసుంటే, ఎంత ఎరుపో చూసినదెవరు? అమ్మ చేతి రుచి ఇప్పుడు తెలిసిన చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేత్తోనే ఆ పుస్తకమూ రాశారు. మీరు దాన్ని ‘అమ్మ నోటుబుక్కు’ అంటున్నారు.

అక్క నలుగురిలో అలా అనడం తప్పే. ఒప్పని నేననను. కానీ మూడేళ్ల చాకిరీని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, ఆమె అన్న మాటను మాత్రం పొల్లు పోకుండా రాశారు. ఆ మాట ఇంతకాలం గుచ్చుకుంటోందంటే అందులో ఎంతో కొంత నిజం ఉండబట్టేనేమో ఆలోచించండి. మంచాన పడ్డ మనిషికి స్నానం, మందులు, రాత్రిళ్లు లేవడాలు... పెద్ద కూతురు కాబట్టి చూసుకుంది అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో బాగా అలవాటు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చూసుకున్నవాళ్లకు అలసట, దూరంగా ఉన్నవాళ్లకు పౌరుషం!

మీ ఆత్మగౌరవం ఎక్కడికీ పోదమ్మా. ఆమె అన్నదానికి బాధపడ్డానని చెప్పే హక్కు మీకుంది. అది రెండో ఫోన్‌లో చెప్పండి. మొదటి ఫోన్‌లో మాత్రం కూర వంక పెట్టుకోకండి, ఆమె ఇట్టే కనిపెట్టేస్తుంది. ‘అక్కా, మూడేళ్లూ నువ్వొక్కదానివే పడ్డావు, నేను రాలేదు’ అనండి చాలు. ఆమె నాలుగు తిడితే పడండి. ‘అయినా నువ్వు మాత్రం...’ అని మొదలుపెట్టారో, మళ్లీ మొదటికొస్తుంది.

ఫోన్ ఎత్తకపోతే పేజీలన్నీ జిరాక్స్ తీయించండి. నూనె మరకల కింద అక్షరాలు పోకుండా ఫొటోలూ తీసి పెట్టుకోండి. జిరాక్స్ మీరు ఉంచుకుని, అసలు పుస్తకం అక్కకు పంపించండి. పెట్టె మీ వాటాకి వచ్చిందంటారేమో. పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి.